బ్యాటరీ మార్చకుండానే నా హైబ్రిడ్ కారును బాగుచేసిన పానగల్లు రోడ్డు ఏసీ షాపు

నల్లగొండ నుంచి పానగల్లు మీదుగా ఉదయసముద్రం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. బోర్డు మీద 'కార్ ఏసీ, వైరింగ్ పనులు చేయబడును' అని తప్ప షాపు పేరు గానీ, యజమాని పేరు గానీ ఉండవు. హైబ్రిడ్ అన్న మాట అసలే లేదు. అయినా మన జిల్లాలో ఎవరికైనా హైబ్రిడ్ కారు ఉండి, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగి, 'బ్యాటరీ పోయింది, లక్షలు అవుతాయి' అని ఎవరైనా భయపెట్టి ఉంటే, డబ్బు కట్టే ముందు ఒకసారి ఈ షెడ్డుకు వెళ్లి రమ్మంటాను. ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఊరికే కోయలేదు, ఆ సంగతీ రాస్తాను.

ముందు కారు గురించి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ హైబ్రిడ్ సెడాన్, అంటే పెట్రోల్ ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నా తగాదా కారు చేసినవాళ్లతో కాదు, చూసినవాళ్లతో. వెనక సీటుకూ డిక్కీకీ మధ్య నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంటుంది, రెండు వందల వోల్టులకు పైమాటే. దాన్ని చల్లబరచడానికి నీళ్ల గొట్టాలేమీ లేవు. వెనక సీటు పక్కన ఉన్న జాలీలోంచి ఒక చిన్న బ్లోయర్ కారు లోపలి గాలినే లాక్కొని, బ్యాటరీలో వరసగా పేర్చిన మాడ్యూళ్ల (చిన్న బ్యాటరీల) సందుల్లోంచి పంపి వెనకవైపు వదిలేస్తుంది. మనం కూర్చున్న చోట చల్లగా ఉంటేనే బ్యాటరీకీ చల్లగా ఉంటుంది. ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ వేయకుండా పోతే, వేడెక్కిన గాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది.

నేను నల్లగొండ కోర్టులో వకీలును. దేవరకొండ, మిర్యాలగూడ వాయిదాలకు, అప్పుడప్పుడు హైకోర్టుకు నేనే నడుపుకుంటూ వెళ్తాను. కాబట్టి కారు మూలన పడితే నా పని కూడా మూలన పడుతుంది.

ఏప్రిల్ ఎండలు ముదిరాక మొదలైంది. నార్కట్‌పల్లిలో హైవే ఎక్కి చిట్యాల దాటేసరికి వెనక సీటు పక్క నుంచి బ్లోయర్ హోరు. పాటలు పెట్టుకున్నా వినిపించేంత హోరు. కొన్నిసార్లు దాని తర్వాత, కొన్నిసార్లు అది లేకుండానే, ఎర్ర త్రికోణమూ 'హైబ్రిడ్ సిస్టమ్‌ను తనిఖీ చేయించండి' అన్న సందేశమూ. అది వచ్చిందంటే సిగ్నల్ దగ్గర ఆగవలసిన ఇంజిన్ ఆగదు, ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు సాయం సగానికి పడిపోతుంది, పెట్రోలు ముల్లు కళ్ల ముందే దిగుతుంది. ఒక్కో రోజు లైటు దానంతటదే పోయేది. దేవరకొండ దారి గతుకుల్లో పడగానే మళ్లీ వచ్చేది.

దారిలో ఒక షాపులో అరచేతిలో పట్టే యంత్రం పెట్టి, కారు కంప్యూటర్ తప్పు కనిపెట్టినప్పుడు రాసుకునే కోడ్‌ను చెరిపేసి, లైటు ఆరిందని చూపించి డబ్బు తీసుకున్నారు. పంతంగి టోల్ దాటకముందే లైటు తిరిగి వచ్చింది. ఈ చెరిపేయడం వల్ల లాభం లేకపోగా నష్టం ఉందని నాకు తర్వాత తెలిసింది. కోడ్ పడిన క్షణంలో కారు ఎంత వేగంలో ఉంది, ఏ సెన్సార్ ఎంత చూపిస్తోంది అన్న లెక్కలను కంప్యూటర్ ఒక చిత్రంలా దాచుకుంటుంది. చెరిపితే అదీ పోతుంది. సాక్ష్యం పోగొట్టి బాగుచేశామని చెప్పుకునే పద్ధతి ఇది.

తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాపుకు వెళ్లాను. అద్దాల హాలు, మెత్తటి సోఫాలు, ఉచితంగా కాఫీ. సలహాదారు కుర్రవాడు కాగితం తెచ్చి ముందు పెట్టాడు. పీ0ఏ9ఈ అని కోడ్. "బ్యాటరీ టెంపరేచర్ సెన్సార్ హై అని వచ్చింది మేడం. బ్యాటరీ వేడెక్కిపోతోంది. ప్యాక్ చివరి దశలో ఉంది" అన్నాడు. సెన్సార్ ఒక్కటే మార్చమన్నాను. అది విడిగా రాదట, ప్యాక్‌తో కలిపే వస్తుందట. ఎస్టిమేటు రెండున్నర లక్షల పైచిలుకు. ప్యాక్ పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారని అడిగాను.

"కోడ్ వచ్చింది కదా మేడం."

కోడ్ అంటే ఎఫ్‌ఐఆర్. ఫలానా చోట ఏదో జరిగిందని సమాచారం అందిందని మాత్రమే అది చెబుతుంది. ఎఫ్‌ఐఆర్ కాగితం ఒక్కటి చూపించి శిక్ష వేయమని అడిగే ప్రాసిక్యూటర్‌ను నా సర్వీసులో చూడలేదు. కాఫీ తాగి, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకొని వచ్చేశాను.

పానగల్లు రోడ్డు షెడ్డు గురించి మా జూనియర్ అమ్మాయి చెప్పింది. అక్కడి భాయ్ చాలా ఏళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చారు. అక్కడ ట్యాక్సీల్లో హైబ్రిడ్ కామ్రీలు పెద్ద సంఖ్యలో తిరుగుతాయి. నలభై అయిదు డిగ్రీల ఎండలో పగలూ రాత్రీ తిరిగే ఆ కార్ల బ్యాటరీలను చల్లగా ఉంచడమే ఆయన పని. నల్లగొండ ఎండ ఆయనకు కొత్త కాదు.

నాకు ఈ షాపు నచ్చడానికి మొదటి కారణం, ఆయన వెంటనే యంత్రం బయటికి తీయలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. లైటు పొద్దునే వస్తుందా, మధ్యాహ్నమా? నున్నటి రోడ్డు మీదనా, గతుకులోనా? వెనక సీట్లో మనుషులు ఉన్నప్పుడు ఎక్కువా? ఏసీ తగ్గించినప్పుడు ఎక్కువా? చివరికి అడిగారు:

"మేడం, బ్లోయర్ మోత ముందు వస్తుందా, లైటు ముందు వస్తుందా?"

ఈ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. కాసేపు ఆలోచించి చెప్పాను. మధ్యాహ్నం హైవే మీద మోత ముందు వస్తుంది, లైటు వచ్చినా రాకపోయినా. గతుకుల్లో మాత్రం మోత లేకుండానే లైటు ఠక్కున వెలుగుతుంది.

ఆయన తల ఊపారు. "అయితే రెండు కేసులు మేడం. ఒక చోట నిజంగానే వేడి. ఇంకో చోట వేడి గురించి అబద్ధం. రెండూ కలిపి చూస్తే బ్యాటరీ పోయినట్టే కనిపిస్తుంది."

అప్పుడు పాత ల్యాప్‌టాప్ తీసి కేబుల్ తగిలించారు. నా కారు బ్యాటరీలో మూడు ఉష్ణోగ్రత సెన్సార్లు మాడ్యూళ్లకు ఆనుకొని ఉంటాయి, ఇంకొకటి గాలి లోపలికి వచ్చే గొట్టంలో. కోడ్ పడిన క్షణపు లెక్కలు తెర మీదికి వచ్చాయి. మొదటి సెన్సార్ 44, మూడోది 45, గాలి సెన్సార్ 33. మధ్యలోది మైనస్ 40. ఏప్రిల్ నెలలో, నల్లగొండ జిల్లాలో, రెండు వేడి పెనాల నడుమ కూర్చొని, సియాచిన్ చలి చూపిస్తోంది. హైదరాబాద్‌లో ఆ కాగితం ఇచ్చిన కుర్రవాడు ఈ పేజీ తెరవనే లేదు.

ఎందుకలా చూపిస్తుందో భాయ్ ఒక కాగితం మీద గీసి చెప్పారు. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సెన్సార్ ఒక థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కంప్యూటర్ తన దగ్గరున్న ఒక నిరోధకం గుండా 5 వోల్టులు పంపించి, సెన్సార్ దగ్గర ఎంత మిగిలిందో కొలుస్తుంది. సెన్సార్ వేడిగా ఉంటే ఆ వోల్టేజీ పడిపోతుంది, చల్లగా ఉంటే పెరుగుతుంది. తీగ తెగిపోతే కరెంటుకు దారే ఉండదు, మొత్తం 5 వోల్టులూ అక్కడే నిలబడతాయి. కంప్యూటర్ తన పట్టికలో చూసుకొని, ఇంత వోల్టేజీ అంటే ఘోరమైన చలి అని రాసుకుంటుంది. పీ0ఏ9ఈ చెప్పేది ఈ వోల్టేజీ పైకి పోయిందన్న సంగతే. బ్యాటరీ కాలిపోతోందని ఆ కోడ్‌కు అర్థమే లేదు. నిజానికి అది తీగ తెగినప్పుడో, కనెక్టర్ వదులైనప్పుడో పడేది.

దాని పక్క కోడ్ పీ0ఏ9డీ ఇందుకు తలకిందులు. తీగలు ఒకదానికొకటి తగిలో, బాడీకి తగిలో వోల్టేజీ కిందికి పోతే పడుతుంది, అప్పుడు తెర మీద అంకె కొలిమిలా ఉంటుంది. వీటిలో కష్టమైనది పీ0ఏ9సీ అన్నారు భాయ్. అంకె నమ్మదగినట్టే ఉంటుంది, కానీ పక్క సెన్సార్లతో పొసగదు. అక్కడ సెన్సార్ తప్పు చెబుతోందో, లేక ఆ మూల మాడ్యూల్ నిజంగానే వేరుగా వేడెక్కుతోందో తేల్చడానికి ఓపిక కావాలి. నా అదృష్టం, నాది ఆ రకం కాదు.

కారు రాత్రంతా అక్కడే వదలమన్నారు. నాకు నచ్చలేదు, మర్నాడు మిర్యాలగూడలో వాయిదా ఉంది. కానీ కారణం సబబుగానే ఉంది. రాత్రంతా నీడలో నిలబడిన కారులో బ్యాటరీ ముందు భాగమూ, వెనక భాగమూ, లోపలి గాలీ అన్నీ ఒకే వేడికి వచ్చేస్తాయి. పొద్దున్నే కారును నడిచే స్థితికి తేకుండా, బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి తెర మాత్రం వెలిగించి చూస్తే, నాలుగు సెన్సార్లూ దాదాపు ఒకే అంకె చెప్పాలి. చెప్పనిది ఏదో అదే ముద్దాయి. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, తొందరపడకపోతే చాలు. హైదరాబాద్ వర్క్‌షాపులో గంటల లెక్కన జాబ్ కార్డు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఎవరూ ఈ పరీక్ష జోలికి పోరని నా అనుమానం.

పొద్దున నేను వెళ్లేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. నా ముందే బటన్ నొక్కారు. 29, 29, 30, గాలి సెన్సార్ 29. మధ్య సెన్సార్ నిక్షేపంగా ఉంది. అంటే తప్పు సెన్సార్‌లో లేదు, దాని మాట కంప్యూటర్ దాకా మోసుకెళ్లే దారిలో ఉంది. డిక్కీ లోపలి అట్ట తీసి, బ్యాటరీ పక్కనుంచి వచ్చే సన్న తీగల కట్టను చెక్క పుల్లతో మెల్లగా కదిపారు. తెర మీద 29. ఇంకొంచెం కదిపారు. మైనస్ 40. వదిలేస్తే మళ్లీ 29. లక్షల రూపాయల ఎస్టిమేటు ఆ పుల్ల చివర ఉంది.

అయినా ఆయన అంతటితో వదల్లేదు. కారంతా ఆపి, పద్ధతి ప్రకారం కరెంటు తీసేసి, బ్యాటరీ కంప్యూటర్ దగ్గర ఆ సెన్సార్ కనెక్టర్ విప్పారు. మళ్లీ తెర వెలిగించి ఆ రెండు పిన్నులను చిన్న తీగతో కలిపితే అంకె ఒక్కసారిగా పై కొసకు ఎగిరింది, తీసేస్తే కింది కొసకు పడింది. కంప్యూటర్ లోపలి భాగం సరిగ్గా వింటోందని అలా రుజువైంది. ఈ పని చూసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. ఆ సన్న తీగల్లో ఉండేది 5 వోల్టులే, కానీ వాటి పక్కనే నారింజ రంగు తీగలు ఉంటాయి. వాటిలో ఉండేది మనిషిని చంపే కరెంటు.

రెండో కేసు బ్లోయర్. ల్యాప్‌టాప్ నుంచే దాన్ని ఒక్కో మెట్టు పెంచుతూ నడిపించారు. చివరి మెట్టులో హోరు చెవులు మూసుకునేంత ఉంది, కానీ జాలీ దగ్గర పెట్టిన పల్చటి కాగితం ముక్క సరిగ్గా అంటుకోవడం లేదు. మోటారు తిరుగుతోంది, గాలి కదలడం లేదు. బ్లోయర్ మోటారు పోతేనో, దాని తీగ తెగితేనో వేరే కోడ్‌లు పడతాయి. ఇలా గాలి దారి పూడుకుపోతే మాత్రం చాలాకాలం ఏ కోడూ పడదు, బ్యాటరీ మెల్లగా ఉడుకుతుంది. ఇది యంత్రం చెప్పదు. కాగితం ముక్క చెప్పింది.

బ్యాటరీ తెరవడానికి ముందు చేసినవన్నీ రాస్తాను, ఎందుకంటే మీరు వెళ్లే షాపులో ఇవి చేయకపోతే కారు వెనక్కి తెచ్చేసుకోండి. కారు తాళం తీసుకెళ్లి దూరంగా గల్లా పెట్టెలో పెట్టారు. డిక్కీలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మైనస్ తీగ విప్పారు. మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగుల అంచు చుట్టి, లోపలి గాలి ఎక్కడైనా కారుతోందా అని పిసికి చూసి వేసుకున్నారు. అవి 1000 వోల్టులు ఆపే రకమట. పెద్ద బ్యాటరీకి ఉన్న సర్వీసు ప్లగ్ లాగి, తన జేబులో వేసుకున్నారు, ఎవరో పొరపాటున తిరిగి పెట్టకుండా. తర్వాత పది నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముందు భాగంలోని కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగిపోవాలి. ఆ తర్వాత మీటరుతో కొలిచి సున్నా అని చూశాకే చెయ్యి వేశారు. ప్లగ్ తీస్తే బ్యాటరీ చచ్చిపోదు, మధ్యలో తెగి రెండు ముక్కలవుతుంది అంతే, ఒక్కో ముక్కలో ఇంకా వంద వోల్టులకు అటూ ఇటూ ఉంటుందని తన దగ్గర పనిచేసే కుర్రవాడికి చెబుతుంటే నేనూ విన్నాను.

విన్నాను గానీ, ఆ కుర్రవాడు పాటించలేదు. బ్యాటరీ మూత తీశాక వట్టి చేతులతో వాక్యూమ్ గొట్టం లోపల పెట్టాడు. నేను అరిచాను. భాయ్ కూడా అరిచారు. కానీ షాపులో ఉన్నవి ఒకే జత తొడుగులు, అవి భాయ్ చేతులకు ఉన్నాయి. దుబాయ్‌లో నేర్చుకున్న జాగ్రత్త ఇద్దరికీ సరిపడా కొనుక్కోవాలి కదా? అర నక్షత్రం ఇక్కడే పోయింది.

మూత తీశాక ఏం కనిపించిందో చెప్పాలి. పత్తి. వరి ఊక. కొరికేసిన సీటు స్పాంజి. వాటి మధ్య ఆకుపచ్చ కాగితం ముక్కలు, మేము కోర్టు పిటిషన్లకు వాడే లెడ్జర్ కాగితం. ఎలుక గాలి గొట్టం నోట్లో గూడు కట్టుకొని, అక్కడి నుంచి బ్లోయర్ దాకా సామాను పేర్చుకుంది. పత్తి పోగులు బ్లోయర్ రెక్కల సందుల్లో దూరి దట్టమైన పొరలా గట్టిపడ్డాయి. అక్కడే మూల మీద, మధ్య సెన్సార్ తీగ తొడుగు కొరికేసి ఉంది. లోపలి రాగి పోగుల్లో ఒకటో రెండో మిగిలాయి, అవీ ఎలుక మూత్రానికి పచ్చగా మారాయి. గతుకులో పడితే ఆ పోగులు విడిపోతాయి, నున్నటి రోడ్డు మీద మళ్లీ అంటుకుంటాయి.

పత్తి ఎక్కడిదో నాకు అప్పుడే తట్టింది. చండూరు దగ్గర మా అమ్మగారి ఊళ్లో చలికాలం పత్తి తీశాక, ధర కోసం చూస్తూ ఇంట్లోనే నింపుతారు. ముందు గదిలో, వసారాలో, ఎక్కడ చూసినా పత్తే. పండుగకు వెళ్లినప్పుడు నా కారు ఆ వసారా పక్కనే ఉంటుంది. మన జిల్లాలో పత్తి ఉన్న ఇంట్లో ఎలుక ఉంటుంది, వరి ఉన్న ఇంట్లో రెండు ఉంటాయి. గూడు చలికాలంలోనే కట్టి ఉండాలి. చలి రోజుల్లో గాలి తగ్గినా బ్యాటరీ ఓర్చుకుంది. ఎండలు వచ్చాక బయటపడింది. అమెరికాలో కుక్క బొచ్చు ఈ జాలీలను పూడుస్తుందట. ఇక్కడ మనకు పత్తి, మిర్యాలగూడ వైపు అయితే రైస్ మిల్లుల ఊక దుమ్ము.

ఇక్కడ ఒక మాట. తీగ ఒక్కటే అతికించి పంపి ఉంటే లైటు ఆరిపోయేది, నేను సంతోషంగా వెళ్లిపోయేదాన్ని, బ్యాటరీ మాత్రం మే నెలంతా ఉడికి రెండేళ్లలో నిజంగానే పోయేది. బ్లోయర్ ఒక్కటే కడిగి పంపి ఉంటే లైటు మళ్లీ గతుకులో వెలిగేది, నేను మళ్లీ ఆ అద్దాల హాలుకే వెళ్లేదాన్ని. కొత్త ప్యాక్ వేయించుకొని ఉంటే? అదే గొట్టం, అదే గూడు, కొత్త బ్యాటరీ.

మరమ్మతు పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పచ్చబడిన తీగను మెరిసే రాగి కనిపించే దాకా కోసేసి, అదే మందం తీగ ముక్క టంకంతో అతికి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, పైన గరుకు గొట్టం వేసి, మూల నుంచి పక్కకు జరిపి కట్టారు. అతికే ముందు మూడు సెన్సార్ల నిరోధాన్నీ మీటరుతో కొలిచి, ఒకే వేడిలో మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయని చూపించారు. బ్లోయర్ విప్పి బ్రష్షుతో శుభ్రం చేశారు. గాలి గొట్టానికి స్టీలు జాలీ బిగించారు. దుమ్ము కూడా ఆగేలా ఇంకా సన్న జాలీ వేయమని నేను పట్టుబట్టాను. ఆయన ఒప్పుకోలేదు. ఈ బ్లోయర్ చిన్నది, సన్న జాలీ పెడితే నెలలో అదే పూడుకుపోయి ఎలుక చేసిన పనే చేస్తుంది, ఎలుక దూరనంత సందు ఉంటే చాలు, దుమ్ము సంగతి వేసవికి ముందు ఒకసారి విప్పి తుడిపించుకోండి అన్నారు. వాదనలో ఓడిపోయాను, ఆయన మాటే నిజం.

పరీక్షకు చెరువుగట్టు తీసుకెళ్లారు. గుట్ట ఎక్కేటప్పుడు మోటారు బ్యాటరీని గట్టిగా పిండుతుంది, దిగేటప్పుడు బ్రేకులు దాన్ని నింపుతాయి. రెండూ వేడి పుట్టించే పనులే. భాయ్ నడిపారు, కుర్రవాడు, మా జూనియర్ అమ్మాయి వెనక కూర్చున్నారు, ల్యాప్‌టాప్ నా ఒళ్లో. గుట్ట మీదికి వెళ్లేసరికి మధ్య సెన్సార్ పక్కవాటి కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది. మధ్యలో గాలి ఆడేది తక్కువ కాబట్టి ఆ మాత్రం తేడా మామూలేనట. బ్లోయర్ రెండో మెట్టు దాటలేదు. గతుకులు వెతికి మరీ వాటి మీదుగా నడిపారు. అంకె కదలలేదు.

దిగేటప్పుడు బ్లాకుల, అంటే కంప్యూటర్ విడివిడిగా కొలిచే బ్యాటరీ భాగాల, వోల్టేజీలు కూడా చూపించారు. అన్నీ దగ్గరగానే ఉన్నాయి గానీ, మధ్యలో ఉన్న ఒకటి రెండు బరువు పడినప్పుడు మిగతావాటి కన్నా కొంచెం ఎక్కువ దిగుతున్నాయి. "వేడి తిన్న బ్లాకులు మేడం. ఇప్పుడు కోడ్ పడేంత లేదు. ఎన్నాళ్లు వస్తుందో మాట ఇవ్వలేను" అన్నారు. ఈ మాట వల్లే నాకు ఆయన మీద నమ్మకం పెరిగింది. మాట ఇచ్చి ఉంటే తగ్గేది.

ఖర్చు. తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి 1,500 రూపాయలని మొదటి రోజే చెప్పారు, ఏమీ దొరకకపోయినా ఇవ్వాల్సిందేనన్నారు. కొంతమందికి ఇది రుచించదు. వెతకడానికి డబ్బేమిటి, సామాను మారిస్తే కదా ఇవ్వాలి అంటారు. ఆ లెక్క వల్లే మెకానిక్‌లు సామాను మారుస్తారు. శుభ్రం చేయడం, తీగ, జాలీ, అన్నీ కలిపి 6,200 అయింది. బేరం ఆడలేదు, బిల్లు మాత్రం అడిగాను. బిల్లు బుక్కు లేదన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చిందని చెప్పాను. నవ్వి, డైరీ కాగితం మీద తేదీ, కారు నంబరు, చేసిన పని, తీసుకున్న డబ్బు రాసి సంతకం పెట్టి ఇచ్చారు. నాకు సరిపోయింది గానీ, రేపు ఎవరికైనా ఏదైనా తేడా వస్తే డైరీ కాగితంతో వినియోగదారుల కమిషన్ ముందు నిలబడటం కష్టం. మిగతా అర నక్షత్రం అందుకే.

ఎవరు వెళ్లకూడదో కూడా చెబుతాను. కొత్త కారు వారంటీలో ఉంటే ఇక్కడికి రావద్దు. టయోటా ఇక్కడ అమ్మే హైబ్రిడ్‌ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. బయట మూత తీయిస్తే కంపెనీతో పేచీ పడాల్సి రావచ్చు. అలాంటి కారు అయితే అధికారిక సర్వీసుకే వెళ్లి, కోడ్ ఒక్కటే కాకుండా అది పడినప్పటి సెన్సార్ అంకెలన్నీ కాగితం మీద అడిగి తీసుకోండి. మైనస్ అంకె కనిపిస్తే బ్యాటరీ గురించి కాదు, తీగ గురించి మాట్లాడమనండి. హైరైడర్, గ్రాండ్ విటారా లాంటి వాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది. వాటి లోపలి పనికి భాయ్ తానే చెయ్యి పెట్టనన్నారు, గాలి దారి శుభ్రం చేయడం వరకే చేస్తారు. పూర్తిగా కరెంటుతో నడిచే కార్లు అసలు చూడరు.

వెళ్లే ముందు ఎవరి చేతా కోడ్ చెరిపించకండి. కారు రాత్రంతా వదలాల్సి ఉంటుంది కాబట్టి సీట్లలో ఫైళ్లూ విలువైన వస్తువులూ తీసేసుకోండి, షెడ్డుకు కాపలా మనిషి లేడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు షట్టరు దించి ఉంటుంది, మూడు తర్వాత వెళ్లండి. తిరిగి రావడానికి పానగల్లు నుంచి క్లాక్ టవర్ దాకా షేర్ ఆటోలు దొరుకుతాయి.